పదిహేనా, పదిహేడా

తెర వెనక కొలతలు తీసేవారు ఒకరు, తెర ముందు అవి రాసుకుని గుడ్డ కత్తిరించేవారు ఇంకొకరు అయినప్పుడు, ఒకరి నోరూ ఇంకొకరి చెవీ సరిగ్గా పనిచెయ్యాలి. మనం చెప్పుకోబోయే కుట్టు దుకాణంలో కొలతలు తీసేది చిన్నకోడలు. పదకొండేళ్ళుగా కత్తెర పడుతున్నది పెద్దకోడలు. అత్తగారు మిషన్ దగ్గర కూర్చుని ఇద్దరినీ ఓ కంట కనిపెడుతూ ఉంటుంది.

ఆ ఉదయం ఒక నర్సు తన యూనిఫాం చొక్కా తెచ్చి బల్ల మీద పరిచింది.

"కాలరు చూడండి. నా మెడతో పాటు ఇంకో మెడ కూడా పడుతుంది ఇందులో," అంది.

కొలతల పుస్తకం తీశారు. మెడ పదిహేడు అని పెద్దకోడలి దస్తూరీలో ఉంది.

"నేను పదిహేను అన్నానక్కా," అంది చిన్నకోడలు. ఆమె గొంతు బొంగురుగా ఉంది.

"పదిహేడే అన్నావు."

ఆ నెలలో ఇలా జరగడం అది మూడోసారి. అత్తగారు మిషన్ ఆపింది. "ఇంకొక్కసారి తప్పు వచ్చిందంటే కత్తెర చిన్నదానికిచ్చి నువ్వు బొత్తాలు కుట్టుకుందువుగాని," అంది. పెద్దకోడలు బల్ల మీది కత్తెరను తనవైపు లాక్కుంది.

అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మూడు వారాల క్రితం జలుబు చేసింది. జలుబు తగ్గింది కానీ ఎడమ చెవి దిబ్బడ వేసింది. తన మాట తనకే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంది, ఎదుటివాళ్ళ మాట, అందులోనూ మిషన్ చప్పుడులో, పక్కింట్లోంచి వచ్చినట్టుంది. చెబితే చెవిటిదంటారు, చెవిటిదానికి కత్తెరెందుకంటారు. అందుకని 'ఏమన్నావు' అని అడగకుండా, తోచిన అంకె రాసుకుంటూ వచ్చింది. అది తప్పని తేలినప్పుడల్లా తోడికోడలే తప్పు చెప్పిందనుకుంది.

అనుమానం మొదలైతే సాక్ష్యాలకేం కొదవ? చిన్నది తెర వెనక గిరాకీల చెవిలో ఏదో గుసగుసలాడుతోంది. వాళ్ళు బయటికొచ్చి తనకేసి అదోలా చూస్తున్నారు. పైగా ఈ బొంగురు గొంతొకటి, అంకెలు తెలియకుండా ఉండడానికి నటన కాకపోతే ఏమిటి? కత్తెర మీద కన్నేసింది, అంతే. ఆమెను చూసి మనం నవ్వనక్కరలేదు. ఇలాంటి తీర్పులు మనమూ రోజూ ఇస్తూనే ఉంటాం.

నర్సు ఆమెనే గమనిస్తోంది. మాట విన్నప్పుడల్లా కుడి చెవి మాట్లాడేవాళ్ళ వైపు తిప్పడం, మాటిమాటికీ దవడ ఆడించడం చూసింది.

"ఈమధ్య జలుబు చేసిందా? ఆ చెవి మూసుకుపోయిందా?"

"లేదే," అంది పెద్దకోడలు. ఈవిడకెవరు చెప్పారు? చిన్నదే చెప్పి ఉంటుంది.

అత్తగారు లేచింది. "చెవా? ముందే చెప్పొద్దూ. ఉండు, నూనె కాచి రెండు చుక్కలు పోస్తాను."

"వద్దు పెద్దమ్మా," అంది నర్సు. "జలుబు తర్వాత నీరు చేరేది కర్ణభేరికి లోపలివైపు. నూనె అక్కడికి వెళ్ళదు, చెవి కాలినా కాలుతుంది. పుల్లలూ పిన్నులూ కూడా పెట్టకూడదు. ముక్కు వెనక నుంచి చెవిలోకి సన్నటి గొట్టం ఉంటుంది, అది తెరుచుకోవాలి. గుటకలు వెయ్యండి, ఆవలించండి, ఏదైనా నములుతూ ఉండండి. నోరు మూసి, ముక్కు పట్టుకుని, మెల్లగా, చాలా మెల్లగా గాలి ఊదండి. గట్టిగా ఊదితే ప్రమాదం. గోరువెచ్చని గుడ్డ చెవి దగ్గర పెట్టుకోండి, తల కాస్త ఎత్తులో పెట్టి పడుకోండి. వీటితో అందరికీ తగ్గుతుందని చెప్పను. ఇప్పటికే చాలా రోజులైనట్టుంది, వారంలో తగ్గకపోతే చెవి డాక్టరుకి చూపించుకోండి. నొప్పి, జ్వరం, చీము, కళ్ళు తిరగడం, ఏది వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి రండి."

ముక్కు మూసుకుంటే చెవి తెరుచుకోవడమేమిటి, నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికి కాకపోతే, అనుకుంది పెద్దకోడలు. అయినా ఇంట్లో తలుపేసుకుని చెప్పినట్టే చేసింది.

అయిదో రోజు కత్తిరింపు బల్ల దగ్గర పెద్దగా ఆవలించింది. చెవిలో టప్పుమంది. మరుక్షణం తెర వెనక నుంచి ఒక కేక దుకాణమంతా దద్దరిల్లేలా వినిపించింది.

"మెడా... పదిహేనూ..."

"ఇంతలా అరుస్తారేమిటండీ?" అంటోంది లోపలున్న గిరాకీ.

చిన్నకోడలు గొంతు తగ్గించింది. ఇప్పుడా గుసగుస కూడా స్పష్టంగా వినబడుతోంది. "మా అక్కకి కాస్త వినబడ్డం లేదండీ. ఆ మాటెత్తితే చిన్నబుచ్చుకుంటుంది. బయటికెళ్ళాక మీరేం అడక్కండి. నాకు గొంతు పోతే పోయింది, తన చేతిలో కత్తెర పోకూడదు."

పెద్దకోడలి కళ్ళు చెమర్చాయి. సుద్దముక్క కింద పెట్టి తెర దగ్గరికి వెళ్ళింది.

"అరవకే చిన్నా, వినబడుతోంది. పదిహేనేగా?"

తెర కొంచెం పక్కకి జరిగింది. "పదిహేనే అక్కా," అంది ఆ బొంగురు గొంతు.

ఆనాటి నుంచి ఆ దుకాణంలో విన్న ప్రతి అంకెనూ తిరిగి పైకి చెప్పాకే రాస్తున్నారు. చెవి మూసుకుపోతే తెరిపించుకునే మార్గాలున్నాయి, లేకపోతే డాక్టరున్నాడు. వినబడనప్పుడు 'ఏమన్నావు' అని మళ్ళీ అడగడం చిన్నతనం కాదు. అడగకుండా, ఎదుటి మనిషి అనని మాటను మన మనసులో మనమే రాసుకుని నమ్మడమే చిన్నతనం.