ఒక మనిషికి రెండు చీటీలు

మా మరదలి క్లినిక్‌లో ఒకటే బెంచీ. జ్వరంతో వచ్చినవాళ్లూ, దిగులుతో వచ్చినవాళ్లూ దాని మీదే పక్కపక్కన కూర్చుంటారు. పన్నెండేళ్లు ఇంటిల్లిపాదికీ మందులిచ్చే డాక్టరుగా పనిచేశాక, నలభయ్యో ఏట మళ్లీ పుస్తకాలు పట్టి మనసు వైద్యం చదివింది. "ఈ వయసులో పరీక్షలేమిటే?" అని మా ఆవిడ వెక్కిరిస్తే, "నా దగ్గరికొచ్చే కడుపునొప్పుల్లో సగం కడుపులో లేవక్కా" అంది. ఆ చదువయ్యాక కూడా బయట కొత్త బోర్డు పెట్టలేదు. ఎవరు దేనికొచ్చారో పక్కవాళ్లకి తెలియక్కర్లేదని ఆమె పట్టుదల.

పోయిన ఏడాది మా అత్తగారు పోయారు. ఆ తర్వాత మా ఆవిడకి తిండి సహించలేదు, నిద్ర పట్టలేదు, మనిషి చిక్కిపోయింది. మరదలు అక్క చెయ్యి పట్టుకుని, "నాకూ ఇలాగే ఉందక్కా, అమ్మే గుర్తొస్తోంది" అంది. దిగులుకి మందు రాసింది. ఎవరొచ్చినా ముందు పొట్ట నొక్కి చూసి, రక్తపరీక్ష చేయించి కానీ మనసు జోలికి పోని మనిషి, సొంత అక్క విషయంలో ఆ పని చేయలేదు. రెండు నెలలు గడిచాక తెలిసింది, క్లోమంలో క్యాన్సర్ అని. ముందే తెలిసినా పెద్ద తేడా ఉండేది కాదని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆ మాట నాకూ, మరదలికీ అక్కరకు రాలేదు.

మా ఆవిడ పోయి నాలుగు నెలలైంది. మరదలు ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాను" అని పెట్టేసేవాణ్ణి.

మొన్న క్లినిక్ నర్సమ్మ ఫోన్ చేసింది. "మాస్టారూ, డాక్టరమ్మ ఎవర్నీ చూడట్లేదండీ. వచ్చినవాళ్లకల్లా చీటీ రాసి వేరే డాక్టర్ల దగ్గరికి పంపేస్తోంది. ఇది క్లినిక్కా, పోస్టాఫీసా? ఇక నేను సూదులు పక్కన పెట్టి స్టాంపులు అమ్ముకోవాలి. నెలాఖరుకి మూసేస్తుందట. మీరొక్క మాట చెప్పండి."

చూస్తానని ఫోన్ పెట్టేశాను. అప్పటికే మూడు వారాలుగా నాకు ఛాతీ పట్టేస్తోంది. పాఠం మధ్యలో ఊపిరి అందక, పిల్లలకి కనబడకుండా బోర్డు వైపు తిరిగి నిలబడుతున్నాను. శనివారం ఒంటిపూట బడి అయ్యాక వెళ్లాను.

లోపలి నుంచి ఒక బస్సు డ్రైవరు బయటికొస్తున్నాడు. చేతిలో రెండు కాగితాలు.

"కడుపుకి ఒకరూ, బెంగకి ఒకరూనట," అన్నాడు నర్సమ్మతో. "ఒక్క మనిషికి రెండు చీటీలేంటమ్మా? సగం ఒక స్టాపులో, సగం ఇంకో స్టాపులో దిగమంటే ఎట్లా దిగేది?"

నేను లోపలికెళ్లాను. మరదలు లేచి నిలబడింది.

"కూర్చో బావా. టీ తెప్పించనా?"

"టీకి రాలేదు. ఛాతీ పట్టేస్తోంది."

ఆమె మొహం మారింది. వెంటనే చీటీ పుస్తకం లాక్కుంది. "గుండె డాక్టరుకి రాస్తున్నా. ఇవాళే వెళ్లు. నిద్ర పడుతోందా?"

"లేదు."

రెండో చీటీ తిప్పింది.

"నువ్వు చూడు," అన్నాను.

"నేను చూస్తే ఏమైందో తెలుసుగా బావా."

"తెలుసు."



"నువ్వు మీ అక్క పొట్ట మీద చెయ్యేసి చూడలేదు," అన్నాను. "అందుకు నాకు కోపముంది. పోతుందో లేదో తెలియదు. కానీ ఆ గుండె డాక్టరు నా గుండె చూస్తాడు, ఇంకొకాయన నా నిద్ర చూస్తాడు. ఈ రెండూ ఒకే మనిషివని నీకొక్కదానికే తెలుసు."

ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత చేతులు కడుక్కుంది.

"చొక్కా తీసి పడుకో."

కనురెప్పలు లాగి చూసింది. ఛాతీ మీదా, వీపు మీదా నాలుగుచోట్ల విని, మళ్లీ మొదటినుంచీ వింది. పొట్ట ఒక్కో మూలా నొక్కుతూ చాలాసేపు ఆగింది. ఈసీజీ తీసింది. బరువు చూసి, "ఏడు కిలోలు తగ్గావు. హోంవర్కు చేయని పిల్లల్ని కొట్టే ఓపికైనా ఉందా?" అంది.

"నేనెప్పుడు కొట్టాను?"

"అదే, అక్క కూడా అనేది. చూపుతోనే చంపుతారని." నా మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ అడిగింది. "ఈ మధ్య ఎవరితోనైనా మాటల్లేవా?"

"నీతో."

"ఎన్నాళ్లుగా?"

"నాలుగు నెలలు."

అది కూడా కాగితం మీద రాసుకుంది.

"గుండె బాగానే ఉందనిపిస్తోంది," అంది చివరికి. "అనిపిస్తే చాలదు. ఈ సాయంత్రమే గుండె డాక్టరుకి చూపిద్దాం, నేనూ వస్తాను. సోమవారం పరగడుపున రక్తం తీయాలి."

"సోమవారం బడి ఉంది."

"బడికి ముందే రా. ఏడింటికి తెరుస్తాను. ఆ తర్వాత వారం వారం రావాలి. ఆర్నెల్లు."

నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, ఆమె తలుపు తీసి నర్సమ్మని కేకేసింది.

"పొద్దున్నించీ చీటీలిచ్చి పంపినవాళ్లెంతమంది?"

"తొమ్మిదిమందమ్మా."

"అందరికీ ఫోన్ చెయ్యి. సోమవారం ఇక్కడికే రమ్మను."