నానబెట్టిన కర్టెన్లు

"అదా? నానబెట్టాను."

మా అక్క రోజుకి పదిసార్లు ఈ మాట అంటుంది. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. సింకులో మాడిన మూకుడు ఎందుకుందంటే, నానబెట్టాను. బాత్రూములో బకెట్ నిండా పిల్లల సాక్సులేమిటంటే, నానబెట్టాను. వెనక వరండాలో మూతపెట్టిన పెద్ద టబ్బు ఒకటి రెండు వారాలుగా అక్కడే ఉంది. అందులో హాలు కర్టెన్లట, అవీ నానుతున్నాయట. "ఈపాటికి వాటికి మొలకలొచ్చి ఉంటాయి" అంటారు మా బావగారు. స్కూల్లో గుమస్తా పని చేసే అక్క టీచరు పరీక్షకి మూడోసారి ఫీజు కట్టింది. మొదటి రెండుసార్లూ పరీక్షకే వెళ్ళలేదు. ఈసారిది ఈ ఆదివారం కాక పై ఆదివారం. "దాన్నీ నానబెట్టేసింది లెండి" అని ఆయనే నవ్వుతారు. అక్కా నవ్వుతుంది. ఒక్కరోజు కూడా ఆవిడ చేతిలో పుస్తకం నేను చూడలేదు.

అలాంటి మనిషి మీద నాకు కుళ్ళు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం. పెళ్ళై రెండు నెలలు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు తలలు ఆనించుకుని ఉంటే చూసి మురిసిపోయే మనిషిని నేను. మా ఆయన ఆఫీసుకి వెళ్తూ వీధి మలుపులో వెనక్కి తిరిగి చెయ్యూపితే మధ్యాహ్నం దాకా నాకు ఆకలెయ్యదు. కానీ ఆ చెయ్యి ఊపే మహానుభావుడే, దువ్వెన కనబడకపోతే "వదినా!" అని కేకేస్తాడు. దువ్వెన నా చేతిలోనే ఉంటుంది. అత్తయ్యకి మందు బిళ్ళ కావాలన్నా, పెద్దదానికి జడ వెయ్యాలన్నా, చిన్నాడికి ముక్కు తుడవాలన్నా అందరూ పిలిచేది ఆవిడనే. "మా వదిన బుర్ర సంగతి నీకు తెలీదోయ్. నా కాలేజీ లెక్కలన్నీ గరిట తిప్పుతూనే చెప్పేది" అని ఒకసారి ఆయన మెచ్చుకున్నాడు. నేనూ ఫస్టు క్లాసే. నన్నెప్పుడైనా ఒక లెక్క అడిగాడా?

అందుకే శనివారం అక్క స్కూలుకి వెళ్ళగానే కొంగు బిగించాను. మూకుడు తోమాను, అందులో నా ముఖం కనబడేదాకా. సాక్సులు ఉతికాను. పొయ్యి గట్టు, అలమర, పిల్లల షూలు, ఆవిడ ఏడాదిగా రేపు రేపంటున్న పాత పేపర్లు, ఒక్కటీ వదల్లేదు. మధ్యలో అత్తయ్య వచ్చి చూసి, "నీ చేతిలో ఏదో ఉందే అమ్మాయ్!" అంది. నాకు రెక్కలొచ్చాయి. ఆ ఊపులోనే వరండాలోకి వెళ్ళి టబ్బు మూత తీశాను.

కర్టెన్లు పొడిగా ఉన్నాయి. శుభ్రంగా మడతపెట్టి ఉన్నాయి. నానబెట్టనైనా లేదు! రెండు వారాలుగా ఇంటిల్లిపాదినీ ఎంత నమ్మించింది! నాకు ఎంత ఆనందం వేసిందంటే, ఈ సంగతి ఆయనకి ఏ గొంతుతో చెప్పాలో కూడా అప్పుడే అనుకున్నాను. గొట్టం పెట్టి టబ్బు నింపేశాను. సబ్బు పొడి రెండు గుప్పిళ్ళు పోసి, మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపాను. అడుగున ఏదో గట్టిగా తగిలింది, అట్టలా.

నోటుపుస్తకాలు. నాలుగు.

వాటిని గుండెకి హత్తుకుని మా గదిలోకి పరిగెత్తి తలుపేసుకున్నాను. ఫ్యాను పెట్టాను, ఇస్త్రీపెట్టె తీశాను. పేజీ మీద పేజీ విడదీస్తుంటే నా వేళ్ళకి నీలం రంగు అంటుకుంటోంది. ప్రతి పేజీ పైనా ఏదో ఒకటి రాసి ఉంది. "మూకుడు, పది నిమిషాలు, రెండు లెక్కలు." "సాక్సులు, పావుగంట, మూడో పాఠం సగం. చిన్నాడు లేచాడు." "కర్టెన్లు, అత్తయ్య నిద్ర, ఇరవై ఐదు నిమిషాలు!!" ఆ రెండు ఆశ్చర్యార్థకాలు చూసి నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఐదు నిమిషాలు దొరికితే ఒక మనిషికి ఇంత పండగా?

నాలుగింటికి అక్క వచ్చింది. హాల్లో అత్తయ్య గొంతు వినబడుతూనే ఉంది. "చూశావా, చిన్నది ఒక్కపూటలో ఇల్లు అద్దంలా చేసి పెట్టింది. నువ్వు పదేళ్ళుగా నానబెడుతూనే ఉన్నావు." అక్క నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగింది. నేను బయటికి వచ్చేసరికి వరండాలో టబ్బు పక్కన నిలబడి, నీళ్ళలో తేలుతున్న కర్టెన్లని చూస్తోంది. చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కొచ్చాను. మంచం నిండా, నేల నిండా పేజీలు.

"ఎంత పోయింది?" అంది.

"మూడు బాగానే ఉన్నాయక్కా. ఒకటి... సగం."

వంగి ఒక్కో పేజీ తడిమి చూసుకుంది, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. తిట్టకపోతే చచ్చిపోతాననిపించి, "తిట్టక్కా" అన్నాను.

"ఏమని తిట్టను? ఇల్లు శుభ్రం చేశావనా?" మంచం అంచున కూలబడింది. "పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఖాళీగా ఉన్నావుగా, ఇలా రా అంటారు. పని అయిపోయిందంటే ఇంకోటి ఇస్తారు. నానుతోందంటే మాత్రం ఎవరూ దగ్గరికి రారే. వస్తే ఉతకమంటానని భయం." మళ్ళీ తనే, "మూకుడు మాత్రం ఒట్టి బద్ధకమే" అంది. ఇద్దరం నవ్వేశాం. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నువ్వొచ్చిన రోజు నుంచీ నువ్వంటే నాకు కుళ్ళు, తెలుసా?"

"నేనంటేనా! నీకా!"

"నీ గదికి లోపల గొళ్ళెం ఉంది. మా గదిది పెద్దది పుట్టినప్పుడు మీ బావగారు పీకేశారు, పిల్ల వేసుకుంటుందని. దానికి తొమ్మిదేళ్ళొచ్చాయి. మళ్ళీ బిగించమని అడిగితే, లోపల గొళ్ళెం పెట్టుకుని నీకేం పని అన్నారు." తలుపు వైపు చూస్తూ అంది. "నువ్వు గొళ్ళెం పెట్టుకున్న చప్పుడు వినబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ తలుపు వెనక నువ్వు ఊరికే కూర్చున్నా ఎవరూ అడగరు కదా అని."

నేను గొళ్ళెం వేసుకునేది సిగ్గుతో. ఆవిడకి కావలసింది పై ఆదివారం పరీక్ష లోపు ఎనిమిది రోజులు, పోయిన సగం పుస్తకం మళ్ళీ రాసుకోవడానికి. "సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఈ గది నీది. భోజనాల దాకా తియ్యకు" అని చెప్పి బయటికి వచ్చాను. వెనక గొళ్ళెం పడింది.

శనివారం కాబట్టి మగవాళ్ళిద్దరూ అప్పటికే ఇల్లు చేరారు. హాల్లో బావగారు పేపరు తిప్పుతూ, "టీ ఏదీ? మీ అక్క ఎక్కడికి పోయింది?" అన్నారు.

"చదువుకుంటోంది" అన్నాను.

అత్తయ్య మా గది తలుపు వైపు తిరిగింది. మా ఆయన, "వదినా? మన గదిలోనా?" అన్నాడు.

"అవును, పరీక్ష దాకా ఎనిమిది సాయంత్రాలు ఆ గది ఆవిడది. పిల్లలకి పాలు కాచి, అందరికీ టీ పెట్టు. గిన్నె నీ ఎదురుగానే ఉంది."

వెళ్ళాడు పాపం. పాలు పొంగించి, గట్టు తుడుచుకుని, నా పక్కకి వచ్చి మెల్లిగా అడిగాడు, "అది సరే, గది ఆవిడకి ఇచ్చేశావు. ఈ ఎనిమిది సాయంత్రాలూ నువ్వేం చేస్తావు?"

నేనా? నాకేముంది చెయ్యడానికి? నా ఫస్టు క్లాసు సర్టిఫికెట్టు పెళ్ళిలో తెచ్చుకున్న పెట్టెలో, చీరల కిందెక్కడో ఉంది. ఎక్కడుందో కూడా నేను వెతకలేదు. తలుపు అవతల పేజీ తిరిగిన చప్పుడైంది. ఇంటిల్లిపాది కళ్ళూ కప్పి దాచుకోవలసింది, పదిమంది చేత బద్ధకస్తురాలినని అనిపించుకునైనా కాపాడుకోవలసింది ఆవిడకి ఒకటి ఉంది. అప్పుడు ఆవిడ మీద కుళ్ళుకున్నంతగా నేను నా జన్మలో ఎవరిని చూసీ కుళ్ళుకోలేదు.