అన్న మజ్జా

నాందేడ్ ఇత్వారాలో వికాస్ కిరాణా కొట్టు తెరిచేది ఏడింటికి. అంతకు ముందే కొట్టు మీది ఇంట్లో అతని భార్య రోహిణి మూడు గిన్నెల నీళ్లు మరగబెట్టి, తలుపు గొళ్లేలన్నీ తుడిచి, ఐదేళ్ల కూతురు ప్రాజక్తకు జ్వరం చూసి నోటుబుక్కులో రాసేస్తుంది. తర్వాత తొమ్మిదేళ్ల శుభంను కిందికి తీసుకెళ్లి బస్తాలు తూచే కాంటా మీద నిలబెడుతుంది.

కాంటా పైన గోడకు ఒక మరాఠీ బోర్డు ఉంది. "తోల్తానా హసూ నయే." తూచేటప్పుడు నవ్వరాదని. ఆ ఇంటివాళ్ల నవ్వుకు బరువుంటుంది మరి. పోయినేడు వికాస్ తల్లి విమలాబాయి కందిపప్పు తూస్తూ నవ్వితే గిరాకీ బాబురావుకు పావుకిలో తక్కువొచ్చింది. ఆయన మర్నాడు సంచి పట్టుకొచ్చి, "బాయీ, ఇంటికి పోయి చూస్తే సంచిల నీ నవ్వుంది. ఇగో, తీస్కో" అని అది ఇచ్చేసి, పప్పు తీసుకుపోయాడు.

నవ్వు ఒంట్లోనూ నిలుస్తుంది. అరవై ఏళ్లుగా నవ్వి నవ్వి విమలాబాయి తొంభై కిలోలయింది. శుభం మాత్రం పుట్టినప్పటి నుంచీ హెడ్మాస్టరు మొహం. క్లాసులో ఫస్టు. మనిషి మునక్కాడ.

ఇప్పుడు వాడి బరువే కావాల్సి వచ్చింది. ప్రాజక్త ఒంట్లో రక్తం నిలవదు. మూడు వారాలకోసారి ఎక్కించాలి. అన్న ఎముక మజ్జ ఆమెకు సరిగ్గా కుదిరింది. పోళా పండుగ అయ్యాక హైదరాబాద్ ఆసుపత్రిలో మార్పిడి. "పిల్లవాడు ఇరవై నాలుగు కిలోలుండాలి. లేకపోతే ఈ తేదీ పోతుంది. మళ్లీ ఎప్పుడో నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు. శుభం అప్పుడు ఇరవై రెండున్నర. గుడ్లు, ఖర్జూరాలు, పల్లీపట్టీలు, రాగిజావ అన్నీ అయ్యాయి. ముల్లు ఇరవై మూడు దగ్గర ఆగి కదలనంది.

కూతురికి ఏదైనా అంటుకుంటుందేమోనని రోహిణి చుట్టాలను రావద్దంది. గట్టిగా నవ్వితే దగ్గొస్తుందని నవ్వొద్దంది. నెల తిరిగేసరికి విమలాబాయి జాకెట్లు కూడా వదులయ్యాయి.

ఒక మధ్యాహ్నం రోహిణి కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "అన్న బొక్కలల్ల మజ్జ ఉంటది బిడ్డా. అది తీసి నీకు ఎక్కిస్తరు. గంతే."

ప్రాజక్త వెళ్లేది మరాఠీ బాలవాడికి. అక్కడ ఆట కుదిరితే పిల్లలంతా "మజ్జా ఆలీ!" అని ఎగురుతారు. మజ్జా అంటే ఆ పిల్లకు తెలిసింది సరదా ఒక్కటే. గొల్లున ఏడ్చింది.

"అన్న కాడ మజ్జా ఏడుందే? అసలుకే లేదు! బాపమ్మది ఎక్కియ్యుండ్రి!"

"నాది పాత మజ్జా బిడ్డా, నాలుగు దినాలకే అయిపోతది" అంది విమలాబాయి, కొంగు నోట్లో కుక్కుకుని.

ప్రాజక్త కాసేపు ఆలోచించి కళ్లు తుడుచుకుంది. "అట్లయితే అన్నల నేనే నింపుత."

ఆ రోజు నుంచి మాస్కు మీద మీసాలు గీసుకుని అన్న పుస్తకానికి అడ్డం నిలబడేది. గొంగళిపురుగులా పాకేది. కాంటా ఎక్కి ఉప్పుబస్తాలా ముడుచుకుని, "సేఠ్, నన్ను తూచుండ్రి, గని నవ్వద్దు" అనేది. శుభం తల పైకెత్తి మర్యాదగా చూసి, "మంచిగున్నది" అని మళ్లీ చదువుకునేవాడు. ఒక్క గ్రాము పెరగలేదు.

ప్రయాణం రెండు రోజులుందనగా వాడు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నా మజ్జ మంచిగ లేకుంటే? చెల్లెకు పని చెయ్యకుంటే నాదే తప్పయితదా?"

రోహిణి గిర్రున వెనక్కి తిరిగింది. ఒక చేతిలో థర్మామీటరు, ఇంకో చేతిలో పప్పు గంటె. వాడి మెడ మీద మణికట్టు ఆనించి, "ఒళ్లు వేడిగున్నదేందిరా? చెయ్యెత్తు" అని చంకలో పెట్టి, పప్పు కలుపుతూ గడియారం వైపు చూస్తూ నిలబడింది. అమ్మ చెప్పింది కాదనని పిల్లవాడు బిగుసుకుని నిలబడ్డాడు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం.

"అమ్మా" అన్నాడు చివరికి. "ఇది మోగదేమో. ఇది గంటె."

అప్పుడే పప్పులోంచి సన్నగా పీప్ పీప్ మని వినిపించింది.

"పప్పుకు జ్వరమచ్చింది!" అని కేకపెట్టింది ప్రాజక్త.

శుభంకు నవ్వు ముందు ముక్కులోంచి వచ్చింది. తర్వాత భుజాల్లోంచి. ఆ తర్వాత ఆగలేదు. "నవ్వకుండ్రి" అనబోయిన రోహిణి గోడకు జారి, నేల మీద కూలబడి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. విమలాబాయి సంగతి చెప్పనక్కర్లేదు.

"ఏమైందే? దూలాలు కిర్రుమంటున్నయ్!" అని కింది నుంచి వికాస్ అరిచాడు.

రోహిణి కొడుకు మొహం కొంగుతో తుడిచింది. "నీ తప్పు ఎట్లయితదిరా? ఇచ్చుడే నీ పని. మిగిలింది డాక్టర్లు చూసుకుంటరు."

కాంటా ఇరవై నాలుగు కిలోల రెండు వందలు చూపింది. రోహిణికి నమ్మకం కుదరలేదు. "దిగు. మొఖం కడుక్కొని ఎక్కు. నవ్వకు." అంతే వచ్చింది. మర్నాడు పొద్దున పరగడుపున కూడా అంతే వచ్చాక గాని నోటుబుక్కులో రాయలేదు. కొత్త థర్మామీటరులో జ్వరమూ లేదు. అదంతా వంటింటి వేడి.

తేదీ తప్పలేదు. మార్పిడి రోజున నర్సు ఎర్రటి సంచిని రెండు చేతులా పట్టుకొచ్చింది. "ఇంత చిన్న సంచి, ఇంత బరువేమిటండీ!" కొక్కేనికి తగిలిస్తే స్టాండు ఒక పక్కకు ఒరిగింది. అద్దం అవతల శుభం నడుము పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"చూసినవా అమ్మా, నిండ నింపిన" అంది ప్రాజక్త, మందులకు జుట్టంతా రాలిన తన గుండు నిమురుకుంటూ.

"ఇక ఇది వేరు పట్టాలి. రక్తపరీక్షలోనే తెలుస్తుంది. మూడు వారాలు చూద్దాం" అన్నాడు డాక్టరు.

ఇరవయ్యో రోజు పొద్దున, పరీక్ష కాగితం ఇంకా రాలేదు. రోహిణి జావ కలుపుతూ మాస్కు తిరగేసి కట్టుకుంది. ప్రాజక్త అది చూసింది. నవ్వు ముందు ముక్కులోంచి వచ్చింది. తర్వాత భుజాల్లోంచి.

రోహిణి నోటుబుక్కు తీసి తారీఖు వేసి రాసింది: వేరు పట్టింది.