కామెర్లు కాని జబ్బు

"కామెర్లనే చెప్దామంటున్న, నీకెందుకు సమజైతలేదు?" అని ఆగమ్మ మళ్ళీ అందుకునేసరికి, పెద్దకోడలు సోనీ చిక్కుడుకాయల గిన్నె పక్కకు నెట్టింది.

"డాక్టరు మీ పెద్దకొడుకుకు డిప్రెషనని రాసిచ్చిండు అత్తమ్మా. కమిటీ ముందు అబద్ధమాడితే అసలుకే ఎసరొస్తది."

"పిచ్చి వకీలని పేరు పడ్డంక నల్లకోటుంటే ఏంది, లేకుంటే ఏంది? మన కిషన్‌బాగ్ మొత్తం కామెర్లనే అనుకుంటుంది. నేను నేలఉసిరి నూరి పోసింది అందరు చూసిండ్రు."

"ఆ పసరుకు లేని రోగం గూడ వస్తది," అన్నాడు గుమ్మంలో బూట్లు విప్పుతున్న చిన్నకొడుకు ఇస్సాకు.

"నువ్వు నోర్ముయ్ రా!"

ఆగమ్మది వట్టి మొండితనం కాదు. ఆమె తమ్ముణ్ణి ఒకప్పుడు పిచ్చోడన్నారు. ఆ తర్వాత వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు.

ఇప్పుడు పెద్దకొడుకు డానియేలు వంతు వచ్చింది. వానాకాలమంతా అతను కోర్టు మొహం చూడలేదు. అతని క్లయింటు, పత్తర్‌గట్టిలో గాజులమ్మే మున్నీ తరఫున వాదించేవాడే లేక తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. దుకాణం ఖాళీ చేయించారు. ఆమె బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసింది. సోమవారం వాళ్ళ క్రమశిక్షణ కమిటీ ముందు విచారణ. డానియేలు వకీలు లైసెన్సు ఉంటుందో ఊడుతుందో తేలేది అక్కడే.

అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్న డానియేలు నోరు విప్పాడు.

"అమ్మా, కామెర్లొచ్చినోడు ఫోనన్న ఎత్తుతడు గద. వాయిదా అడుగుమని ఎవరికన్న చెప్తే అయిపోతుండె. మున్నీ ఫోన్ మోగుతుంటే చూస్కుంట కూసున్న. చెయ్యి లేవలే. కామెర్లంటే ఎవరు నమ్ముతరు?"

అతనలా కూర్చోవడం ఆగమ్మ చూసింది. బద్ధకమని తిట్టింది కూడా.

"ఉన్నదున్నట్టు చెప్తే ఇడ్సిపెడ్తరా?" అంది చివరికి.

"ఇడ్సిపెట్టరు. శిక్ష తగ్గిస్తరేమో. ఆమె దుకాణమైతే పోయింది గద."

రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నాక డానియేలు మెల్లగా చెప్పాడు: "ముందుగాల తప్పు నాదేనని ఒప్పుకుంట. తర్వాత రోగం సంగతి చెప్త. డాక్టరు సరే అనేదాక కొత్త కేసులు పట్ట. మున్నీ కేసు మళ్ళ తెరిపియ్యనీకి మా సీనియర్ వకీలు వేణుగోపాల్ సార్ ఒప్పుకున్నడు."

ఆగమ్మ అతని పళ్ళెంలో చారు పోసి, గరిటె గిన్నెలో పెట్టింది.

"సోమవారం నేను గూడ వస్త," అంది. "నీ చెయ్యి లేవకపోవుడు చూసింది నేనే గద. అడిగితే చెప్త."