లాక్ తీసే బోర్డు

ఒక రకం ఫోను అమ్మే హక్కు మా అక్క మొగుడు పనిచేసే సిమ్ కంపెనీకొక్కదానికే ఉండేది. వేరే కంపెనీ సిమ్ వేస్తే అది పనిచేయకుండా లాక్ వేసి అమ్మేవాళ్ళు. నేను దాని లాక్ తీసిస్తున్నానని మా బావే కంపెనీకి చాడీలు చెప్పి, "ఇక్కడ ఫోన్ లాక్ తీయబడును" అన్న నా కొట్టు బోర్డును దగ్గరుండి పీకించాడు. మూడేళ్ళు పళ్ళు నూరుకుంటూ, పగిలిన ఫోను అద్దాలు మార్చుకుంటూ బతికాను. బోర్డు మాత్రం పారేయలేదు.

మొన్న కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి పీకేసి, ఇచ్చిన సిమ్ కూడా ఆపేసింది. వేరే కంపెనీ సిమ్ వేస్తే ఆయన ఫోను ససేమిరా అంది. నిన్న మధ్యాహ్నం తల దించుకుని నా కొట్టుకొచ్చాడు.

"మరదలా, కాస్త దీని లాక్ తీసిపెట్టవూ?"

"ఆ పని చేస్తానని ఇక్కడ ఎక్కడైనా రాసుందా బావా?"

బల్ల కింద నుంచి దుమ్ము పట్టిన బోర్డు, సుత్తి, నాలుగు మేకులు తీసి ఆయన ముందు పెట్టాను. ఇస్త్రీ చొక్కాతోనే నిచ్చెనెక్కాడు. వీధి వీధంతా నిలబడి చూసింది. మేకులు కొట్టి, చెమట తుడుచుకుంటూ దిగి, ఫోను అందించబోయాడు.

నేను అందుకోలేదు. వీధిలోకి వెళ్ళి తలెత్తి చూశాను.

"వంకరగా ఉంది బావా. మళ్ళీ ఎక్కు."