దీవి షికారుకి పర్మిట్

సముద్రం మీద తిరగడానికి కాగితం కావాలంటే తోమాకి నవ్వొచ్చింది. రాదూ మరి! ఉప్పాడలో పుట్టినవాడు, నడక కంటే ముందు తెడ్డు పట్టినవాడు. వాళ్ళ ఊళ్ళో చుట్టాలొస్తే పడవెక్కించి ఓ చుట్టు తిప్పుకొస్తారు, అంతే. ఎవర్ని అడగాలట, అలల్నా?

తోమా బహ్రెయిన్‌లో ఉన్నప్పటి మాట ఇది, అక్కణ్ణుంచి సౌదీకి వంతెన తెరిచిన కొత్తలో. శుక్రవారం తెలుగువాళ్ళ ప్రార్థన అయ్యాక, కూటం పెద్ద సామ్యూల్ "పిల్లల్ని ఓసారి దీవికి తీసుకెళ్దామా?" అన్నాడు. ఆయన అనడమే తడవు, తోమా ఛాతీ విరుచుకుని లేచాడు.

"పడవ మనదేనండీ. నేనున్నానుగా!"

"జనాన్ని ఎక్కించాలంటే కోస్టుగార్డు దగ్గర వేరే పర్మిట్ తీసుకోవాలంటారు తోమా. ఫీజు అందరం వేసుకుందాం, అదేం పెద్దది కాదు."

"అబ్బే, అయ్యన్నీ మీకెందుకండీ? నేను సూసుకుంటాను. మా కఫీల్ నా మాట కాదనడు."

పడవ ఎక్కడిది తోమాకి, నా మొహం! అది వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అతని కఫీల్, జాసిం అనే ముసలాయనది. తోమా అందులో వలలు లాగే కూలీ. కూటంలో చాలామంది ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళ పక్కన కూర్చుంటే, ఎంత సబ్బు రుద్దుకొచ్చినా తన ఒంటికి చేపల వాసన ఉన్నట్టే అనిపించేది. అందుకని పడవలో తనకీ వాటా ఉన్నట్టు కోతలు కోస్తూ వచ్చాడు. పర్మిట్ కావాలంటే యజమాని స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. అప్పుడు తన బతుకు అందరి ముందూ బయటపడుతుంది. అడిగితే ముసలాయన కాదనడని తోమాకి తెలుసు. తెలిసీ అడగలేదు. నామోషీ.

మరుసటి శుక్రవారం జాసిం మసీదుకి వెళ్ళిన వేళ చూసుకుని తోమా పడవ విప్పాడు. పిల్లలు కేరింతలు కొట్టారు, ఆడవాళ్ళు పాటలు పాడారు. దీవి ఇసకలో కూర్చుని పులిహోర తిన్నారు. తిరిగొస్తుంటే కోస్టుగార్డు పడవ అడ్డం వచ్చి, అందరినీ నేరుగా తమ రేవుకి తోలుకుపోయింది.

ఆఫీసరు కుర్రవాడు. పడవ కాగితం చూశాడు. "ఇది చేపల వేటకిచ్చిన లైసెన్సు. ఇందరు జనమేంటి? పర్మిట్ ఏది?" అన్నాడు హిందీలో. కాగితం మీదున్న యజమాని నంబరు చూసి ఫోను తీశాడు. కాసేపటికి జాసిం తన పికప్పు వేసుకుని వచ్చాడు.

"పడవ నువ్వే ఇచ్చావా? లేకపోతే వీడు ఎత్తుకొచ్చాడా?" అని ఆఫీసరు ఆయన్ని అరబ్బీలో అడిగాడు.

తోమాకి అరబ్బీ ఆ మాత్రం తెలుసు. ఇవ్వలేదంటే తను దొంగ. జైలు, ఆ తర్వాత ఇండియాకి తరిమేస్తారు. ఇచ్చానంటే తప్పు ముసలాయనది, లైసెన్సు పోతుంది.

జాసిం తోమా వంక చూశాడు. తడిసిన బట్టలతో బిక్కచచ్చి నిలబడ్డ పిల్లల వంక చూశాడు.

"నేనే ఇచ్చాను. పర్మిట్ సంగతి మర్చిపోయాను, ముసలివాణ్ణి కదా" అన్నాడు.

మనవడంత వాడు ఆయన్ని పట్టుకుని చడామడా తిట్టాడు. ఆ పెద్దాయన తల వంచుకుని పడ్డాడు. ఈ సీజనంతా పడవ కదలకూడదని చెప్పి ఆఫీసరు లైసెన్సు లాక్కున్నాడు. 'బాబా ఇవ్వలేదు, నేనే తెచ్చాను' అనే మాట తోమా నాలుక చివరిదాకా వచ్చింది. ఛీ, దాన్ని కాస్తా మింగేశాడు.

బయటికొచ్చాక జాసిం హిందీలో, "పిల్లలు దీవి చూస్తామంటే నాతో చెప్పొద్దూ? నేనే తిప్పేవాణ్ణి కదా" అన్నాడు.

"మరి అలా ఎందుకు చెప్పావు బాబా?"

"నీ వాళ్ళ పిల్లలు చూస్తున్నారు. వాళ్ళ ముందు నిన్ను దొంగ అనమంటావా?" అని, "యల్లా, అందరూ బండెక్కండి, ఇళ్ళ దగ్గర దింపుతాను" అంటూ పికప్పు వైపు నడిచాడు.

తోమాకి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. గబగబా తనవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"ఆయన ఇవ్వలేదండీ. నేనే అడక్కుండా తెచ్చాను. పడవలో నాకు వాటా లేదు, ఏమీ లేదు. నేను ఉట్టి కూలోణ్ణి."

సామ్యూల్ మొహం తిప్పుకున్నాడు. అరబ్బుల ఇంట్లో వంట చేసే దానమ్మ, అందరిలోకీ పెద్దావిడ, మెల్లగా నోరు విప్పింది.

"ఆ ముక్క మాకెందుకు సెప్తన్నావు నాయనా? మేమేం సేత్తాం? లోపలున్నాడే ఆ ఆఫీసరు, ఆయనకి సెప్పు. మాకు తర్వాత సెబుదువుగానిలే."

ఆఫీసు తలుపు తీసే ఉంది. లోపల ఆఫీసరు ఇంకా ఏదో రాసుకుంటున్నాడు. ఇవతల జాసిం పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ ఎత్తి బండిలో కూర్చోబెడుతున్నాడు. తోమా మధ్యలో నిలబడిపోయాడు. అందరూ తననే చూస్తున్నారని తెలుసు. అయినా ఆ తలుపు వైపు ఒక్క అడుగు కూడా వేయలేకపోయాడు.