ఊఁ కొట్టే టైలు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టడం, వంటింట్లోకి కుర్చీ జరపడం, అందులో అత్తగారు కూర్చుని పాతకాలం కబురేదో ఎత్తుకోవడం, ఆ ఇంట్లో మూడూ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయేవి. కోడలు కూరలు తరుగుతూ ఉండేది. అత్తగారి కాళ్ళ కింద ఉన్న టైలు ఊఁ కొడుతూ ఉండేది. ఆ ఒక్క టైలే. దేవుడు ఒక్కో ఇంటికి ఒక్కో ఆసరా చూపిస్తాడు, ఈ ఇంటికి దాన్ని చూపించాడు. కొత్తగా వచ్చినవాళ్ళు లోపల ఇంకెవరో ఉన్నారనుకుని తొంగిచూసి, "ఓహో, టైలా" అని వెళ్ళి కూర్చునేవాళ్ళు.

ఒకనాడు అత్తగారి కొడుకు గ్యాసు బండ దొర్లించబోయి చెయ్యి జార్చాడు. టైలు మూడు ముక్కలైంది. ఊఁ ఆగిపోయింది.

ఊఁ లేకపోయేసరికి అత్తగారి కథలు సగంలో ఆగడం మొదలుపెట్టాయి. అక్కడితో పోయినా బాగుండేది. సగంలో వదిలేసింది ఆవిడకి మళ్ళీ దొరికేది కాదు. ముందు ఆడపడుచు పెళ్ళి పోయింది, తర్వాత పుట్టింటి వీధి పోయింది. "ఆవిడ చేత మాట్లాడిస్తూ ఉండండి, ఆపనివ్వకండి" అన్నాడు డాక్టరు.

కొడుకు ఎదురుగా కూర్చుని ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టాడు. ఆవిడ కాసేపు చెప్పి, మధ్యలో ఆపేసి కోడలి వైపు తిరిగింది.

"వీడిది బస్సు కండక్టరు ఊఁ. నేనెక్కడ దిగితే వీడికేం?"

ఆ మర్నాడు టీ గ్లాసు అందుకుంటూ కోడలి వంక మర్యాదగా చూసి, "మీరెవరి తాలూకమ్మా?" అని అడిగింది.

పదిహేనేళ్ళు ఆ ఇంట్లో వండిన మనిషి. కోడలు చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. సాయంత్రానికల్లా తాపీమేస్త్రిని పిలిపించింది.

"ఒక్క టైలు కోసం సిమెంటు కలిపితే నలుగురూ నవ్వుతారమ్మా. గదంతా మార్చేద్దాం" అన్నాడు మేస్త్రి.

"మిగతావాటికేం రోగం?"

"రోగం లేదు. నాకు తీరికా లేదు."

అతన్ని పంపించేసి, కోడలే అటక ఎక్కింది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ గోనెలో ఉన్నాయి. ఒకటి దించి, తుడిచి, దణ్ణం పెట్టుకుని, సుత్తీ ఉలీ పట్టుకుంది. పగిలినదాన్ని అంచు మీద కొడితే పక్క టైలుకి దెబ్బ తగులుతుందని నడిమధ్య మొదలుపెట్టి బయటికి చెక్కుకుంటూ వచ్చింది. పాత సిమెంటు గోకేసి, కొత్తది కలిపి, నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యన ఒకటి పెట్టి, టైలు అదిమింది. అది పక్కవాటితో మట్టంగా, ముచ్చటగా కూర్చుంది.

మర్నాడు అత్తగారు కుర్చీలో సర్దుకుని, "పాలు పొంగుతాయేమో చూడు" అంది.

"ఏమో చూడు" అంది టైలు.

"ఎవరది ఎదురు మాట్లాడేది?"

"ఎదురు మాట్లాడేది?"

"మా ఆడపడుచు మళ్ళీ దిగిందేమిటి!" అని అత్తగారు నవ్వేసింది. ఎన్నాళ్ళకో నవ్వింది. నవ్వులో ఆడపడుచు దొరికింది గానీ, కథ మాత్రం కదల్లేదు.

కోడలు వంగి వేలి కణుపుతో టైలు మీద కొట్టింది. గుల్ల. ముద్దకీ ముద్దకీ మధ్య అంతా ఖాళీయే. కడుపులో ఏమీ లేనిది విన్నది విన్నట్టు తిప్పికొట్టక ఏం చేస్తుంది?

"మాట్లాడుతోందిగా, వదిలెయ్యి" అన్నాడు మొగుడు.

"మాట్లాడ్డానికి ఇంట్లో మనం లేమా? అది వినాలి."

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. టైలు లేపేసింది. ఈసారి సిమెంటు అంచు నుంచి అంచుదాకా సందు లేకుండా పరిచి, పాత దువ్వెనతో గీతలు గీసి, టైలు దించి, పప్పుగుత్తి వెనక్కి తిప్పి మెల్లగా తట్టింది. ప్రతిచోటా ఒకే చప్పుడు వచ్చేదాకా తట్టింది. ఎవరూ తొక్కకుండా ముక్కాలిపీట బోర్లించి, గట్టిపడేదాకా కాపలా కాసింది.

పీట తీసిన రోజున అత్తగారు కూర్చుంది. కోడలు పక్కనే నేల మీద చతికిలబడి టైలు మీద అరచెయ్యి ఆనించింది.

"ఈ టైల్స్ వేసేటప్పుడు మీ మామగారు ఊళ్ళో లేరు..." అని ఆగిపోయింది అత్తగారు. పాత టైలు ఉన్నప్పుడూ ఈ కథ ఆగేది అక్కడే.

టైలు పలకలేదు. కోడలు అరచెయ్యి ఇంకాస్త అదిమింది.

"ఆ తర్వాత?" అంది టైలు, సన్నగా.

అత్తగారు వంగి చూసింది. పాతది ఏనాడూ అలా అడిగి ఎరగదు.

"ఆ తర్వాత... మేస్త్రికి జ్వరం వచ్చింది. కలిపిన సిమెంటు గట్టిపడిపోతోంది. కొంగు దోపి నేనే కూర్చున్నాను."

"ఆ తర్వాత?"

"వంటిల్లంతా వేశాను. ఈ గోడ దగ్గర్నుంచి ఆ గుమ్మం దాకా."

"ఎప్పుడూ చెప్పలేదే అత్తయ్యా" అంది కోడలు.

"అడిగిందెవరు? ఊఁ అంటే చాలనుకున్నాను." ఆవిడ గుమ్మం వంక చూసింది. "మీ మామగారొచ్చి అదిగో, అక్కడ నిలబడ్డారు. బూట్లతో మంచం దాకా వచ్చే మనిషి. నేల చూశారు, నన్ను చూశారు. వంగి లేసులు విప్పుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, ఈ గది దాటారు."

ఆ రోజు టీ చల్లారిపోయింది. ఆవిడ పుట్టింటి వీధిలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఇల్లిల్లూ చెప్పుకుంటూ పోయింది. ఎక్కడ తడబడినా టైలు అడిగేది, ఆవిడ వెళ్ళి వెతికి తెచ్చుకునేది. తర్వాతి రోజుల్లో కూడా అంతే.

ఆ మొదటిరోజు మధ్యాహ్నమే పక్కింటావిడ అరువు గ్లాసు తిరిగివ్వడానికి వచ్చి, టైలు పగిలిన చోటు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అతుకు వేసినట్టే లేదు. ఎవరండీ మేస్త్రి? మా వంటింట్లో కూడా రెండు లేచాయి, కాస్త పంపిద్దురూ."

అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుంది. పక్కన నేల మీద ఉన్న కోడలి చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గోళ్ళ సందుల్లో సిమెంటు ఇంకా ఉంది.

"పెద్ద మేస్త్రిని నేను" అంది. "మోకాళ్ళు వంగవు. చిన్న మేస్త్రి మా కోడలు. అడుగు, తీరిక ఉంటే వస్తుంది."